34 శాతం అంటే ఎంతమంది?

"ఫలానా మందు గుండెజబ్బు ముప్పును 34 శాతం తగ్గిస్తుందని చదివాను. అంటే వందమంది వాడితే 34 మంది గట్టెక్కినట్టేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

కాదండీ. శాతాలు బళ్లో అందరికీ నేర్పుతారు, "దేనిలో శాతం?" అని అడగడం మాత్రం నేర్పరు. నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం ఇది.

ఆ 34 శాతం 1987లో వెలువడిన హెల్సింకీ హార్ట్ స్టడీలోది. కొలెస్టరాల్ ఎక్కువున్న నడివయసు మగవాళ్లలో 2,051 మందికి జెమ్‌ఫైబ్రోజిల్, 2,030 మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి ఐదేళ్లు చూశారు. మందు వాడినవాళ్లలో 56 మందికి, వాడనివాళ్లలో 84 మందికి గుండెజబ్బు వచ్చింది. వెయ్యికి లెక్కేస్తే 27, 41. తేడా 14. నలభై ఒకటిలో 14 అంటే 34 శాతం, వెయ్యిలో 14 అంటే 1.4 శాతం. రెండూ నిజమే, కానీ వార్తల్లోకి మొదటిదే ఎక్కుతుంది.

ఒక పెద్ద హాల్లో వెయ్యి కుర్చీలు వేద్దాం. కూర్చున్న అందరూ ఐదేళ్లూ మందు వాడినవాళ్లే. వీళ్లలో 959 మంది మందు లేకపోయినా బాగానే ఉండేవాళ్లు. ఇరవై ఏడుగురికి వాడినా జబ్బు వచ్చింది. ఇక మిగిలినవి 14 కుర్చీలు. మందు చేసిన మేలంతా అక్కడే ఉంది. ఖర్చు, దుష్ఫలితాల భయం మాత్రం వెయ్యిమందివీ. ఆ 14 మంది ఎవరో డాక్టరుకీ తెలీదు, వాళ్లకీ తెలీదు. మూడో వరుస చివర్లో కూర్చున్నాయన్ని అడిగితే "ఈ మందే నన్ను కాపాడింది" అంటాడు. ఆయన మాటలో అబద్ధం లేదు, కానీ ఆయన 959లోని మనిషో, 14లోని మనిషో తేల్చే దారి లేదు. ఒక డాక్టరు హస్తవాసి మంచిదన్న నమ్మకం బలపడేదీ ఇలాగే. బాగున్నవాళ్లంతా సాక్షులవుతారు, మందు లేకపోతే ఏమయ్యేదో చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు. అది చూడటానికే పక్కన మందు వాడనివాళ్లతో రెండో హాలు కావాలి. ఎవరు ఏ హాల్లోకి వెళ్లాలో చీటీ తీసినట్టు తేలాలి.

వెయ్యిని 14తో భాగిస్తే 71 వస్తుంది. అంటే ఒక్కరికి మేలు జరగాలంటే 71 మంది ఐదేళ్లు మందు వాడాలి. ఈ కొలతను 1988లో లౌపాసిస్, శాకెట్, రాబర్ట్స్ ప్రతిపాదించారు. నాకు అన్నిటికంటే నచ్చిన కొలత ఇదే. 1948లో బ్రిటన్‌లో క్షయ మందు మీద జరిగిన పరీక్షకు దీన్ని వర్తింపజేసి చూడండి. స్ట్రెప్టోమైసిన్ అనే ఆ మందు తీసుకున్న 55 మందిలో ఆరు నెలల్లో చనిపోయినవాళ్లు 4, తీసుకోని 52 మందిలో 14. లెక్కేస్తే ప్రతి ఐదుగురికీ ఒక ప్రాణం!

పరిశోధన పత్రాల్లో రిస్క్ రేషియో బదులు ఆడ్స్ రేషియో కనిపిస్తే కాస్త ఆగాలి. క్షయ పరీక్షలో రిస్కుల నిష్పత్తి 4/55ను 14/52తో భాగించగా వచ్చే 0.27. ఆడ్స్ అంటే పోయినవాళ్లను బతికినవాళ్లతో పోల్చడం: 4/51ని 14/38తో భాగిస్తే 0.21. ఇక్కడ మందు మరింత గొప్పగా కనిపిస్తుంది. జబ్బు అరుదైతే ఈ తేడా దాదాపు ఉండదు, హెల్సింకీలో 0.66, 0.65.

ఇదే పొరపాటు తిరగబడితే భయం పుడుతుంది. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరిక వచ్చింది. ఏడు వేలమందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందన్నమాట. టెన్షన్‌తో ఎంతోమంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అదనంగా సుమారు 13,000 గర్భస్రావాలు జరిగాయని అంచనా.

మళ్లీ మన హాల్లోకి వద్దాం. ఆ 34 శాతం పక్కనే పరిశోధకులు 8 నుంచి 53 శాతం దాకా ఉండొచ్చని కూడా రాశారు. కుర్చీల్లో చెప్పాలంటే ఆ 14 మూడైనా కావచ్చు, ఇరవై రెండైనా కావచ్చు.