మైగ్రేన్‌కి చైనా చూర్ణం: గుణం పొడిదా, టీదా?

సాంగ్ వంశపు పాలనలో చైనా ప్రభుత్వమే మందుల దుకాణాలు నడిపింది. వాటి కోసం కూర్చిన మందుల తయారీ గ్రంథంలో తలనొప్పికి ఒక చూర్ణం ఉంది: చువాన్‌షియోంగ్ చాతియావో సాన్. పుదీనా, అతిమధురంతో కలిపి మొత్తం ఎనిమిది దినుసులు. పెద్దపీట మాత్రం సిచువాన్‌లో పండే చువాన్‌షియోంగ్ దుంపది. ఇది కొత్తిమీర కుటుంబపు మొక్క, వాసన మహా ఘాటు. చైనా వైద్యులు ఈనాటికీ మైగ్రేన్‌కి ఈ చూర్ణం రాస్తున్నారు.

ఈ దుంపలోని టెట్రామిథైల్‌పైరజీన్ అనే రసాయనం రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. 'రక్తం బాగా ఆడుతుంది, నొప్పి పోతుంది' అనే ప్రచారం అక్కడిదే. కానీ నాళాలను వెడల్పు చేసే నైట్రోగ్లిజరిన్ ఇచ్చి పరిశోధకులు మైగ్రేన్‌ని కావాలని రప్పిస్తారు! మైగ్రేన్‌కి వాడే సుమట్రిప్టాన్ లాంటి మందులేమో నాళాలను కుదిస్తాయి. అసలు కథ ముఖానికీ తలకీ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరంలో ఉంది. అది వదిలే సీజీఆర్‌పీ అనే పదార్థం నొప్పిని రాజేస్తుంది. ఈ సంగతి తేల్చిన నలుగురికి 2021లో, మెదడు పరిశోధనకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది. కాబట్టి 'రక్తం ఆడుతుంది' అన్నంత మాత్రాన మందు పనిచేస్తున్నట్టు కాదు.

మరి రోగుల మీద పరీక్షలు? చైనాలో చాలానే జరిగాయి, చాలావాటిలో ఫలితం మందు వైపే మొగ్గింది. అయితే ఎక్కువ భాగం చిన్నవి, తాము తాగేదేమిటో రోగికి తెలిసేవి. ఇంత ఘాటు మందుకి, పోలిక కోసం ఇచ్చే ఉత్తుత్తి నకిలీ తయారు చేయడం మాటలు కాదు మరి. పైగా మైగ్రేన్ వస్తూ పోతూ ఉండే జబ్బు. నొప్పి భరించలేనప్పుడే కొత్త మందు వెతుక్కుంటాం. ఆ తర్వాత అది ఎలాగూ తగ్గుముఖం పడుతుంది, పేరు మందుకి వస్తుంది.

ఇంకో తిరకాసు. ఈ పొడిని భోజనం తర్వాత టీతో తాగమన్నారు. టీలో కెఫీన్ ఉంటుంది. ఆస్పిరిన్, పారాసిటమాల్‌కి కెఫీన్ కలిపిన మాత్ర మైగ్రేన్‌కి అమెరికాలో 1998 నుంచీ అమ్ముతున్నారు. ఉపశమనంలో టీ వాటా ఎంతో విడదీయాలంటే, టీ ఒక్కటే తాగినవాళ్లతో పోల్చిచూడాలి.

ఎనిమిదింటిలో నన్ను భయపెట్టేది షీషిన్. ఇది అరిస్టోలోకియా కుటుంబపు మొక్క. కిడ్నీలను పాడుచేసి, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెచ్చే అరిస్టోలోకిక్ ఆమ్లం ఇందులో కొద్దిగా ఉంటుంది. ఆకుల్లో ఆ విషం ఎక్కువని, చైనా తన 2005 ఫార్మకోపియాలో (మందుల అధికారిక గ్రంథంలో) వేరును మాత్రమే అనుమతించింది. ఆన్‌లైన్లో కొన్న పొడిలో వేరు ఒక్కటే ఉందో, ఆకూ కలిసిందో కంటితో చూసి చెప్పలేం.