బిల్వమంగళుడి కథ సుబ్బిశెట్టి నాటకం ఎలా అయింది?

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించింది. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదే దీనికి కారణం. ఆ గొడవలో పడి చాలామంది మరిచిపోయారు గానీ, అసలిది ఒక కవి ప్రేమకథ.

ఆ కవి లీలాశుకుడు, ‘శ్రీకృష్ణ కర్ణామృతం’ రాసినవాడు. సన్యసించక ముందు ఆయన పేరు బిల్వమంగళుడనీ, చింతామణి అనే వేశ్య మీద మనసుపడ్డాడనీ చెప్పుకుంటారు. ఒక రాత్రి హోరున వాన, ఏరు పొంగింది. కొట్టుకొచ్చిన శవాన్ని దుంగ అనుకుని పట్టుకుని ఈదాడు. గోడకు వేలాడుతున్న పామును తాడనుకుని మేడెక్కాడు. ఈ తపన కృష్ణుడి మీద ఉంటే తరించేవాడివి కదా అంది చింతామణి. అంతే, అన్నీ వదిలేసి వెళ్లిపోయాడు. కట్టుకథే కావచ్చు. కానీ కర్ణామృతం మొదలయ్యేదే ‘చింతామణిర్జయతి’ అని. అక్కడ చింతామణి అంటే మణి అని చెప్పే పండితులూ ఉన్నారు. జనం మాత్రం ఆమె పేరే విన్నారు.

సుమారు వందేళ్ల కిందట కాళ్లకూరి నారాయణరావు దీన్ని నాటకం చేశారు. వరకట్నం మీద ‘వరవిక్రయం’ రాసిన మనిషి కదా, ఇక్కడ ఆయన గురి వేశ్యావ్యామోహం మీద. అందుకే ఆ ఇంటికి బిల్వమంగళుడొక్కడే రాడు. భవానీశంకరం, సుబ్బిశెట్టి కూడా వచ్చి ఆస్తులు కరగదీసుకుంటారు.

స్థానం నరసింహారావు, బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటివాళ్లు చింతామణి వేషం కట్టి జనాన్ని ఊపేశారు. పద్యానికి ‘వన్స్ మోర్’ పడితే మళ్లీ ఎత్తుకోవాల్సిందే. చిక్కల్లా హాస్యంతో వచ్చింది. పద్యమైతే ఛందస్సు కాపాడుతుంది, మాట కలిపితే ఇట్టే దొరికిపోతుంది. చింతామణి తల్లి శ్రీహరికీ శెట్టికీ మధ్య నడిచే మాటలకు ఆ కట్టు లేదు. ఆమె ఒకటి అంటే ఆయన రెండు అనేవాడు. ఈల పడ్డ మాట పై ఊళ్లోనూ వినిపించేది. అలా బూతు పెరిగింది, శెట్టి రూపం మీద ఎగతాళి పెరిగింది. చివరికి కొన్నిచోట్ల నాటకమంటే సుబ్బిశెట్టి సీనే అన్నట్టయింది.

నిషేధం మీద అప్పటి ఎంపీ రఘురామకృష్ణరాజు హైకోర్టుకు వెళ్లారు. ఒక పాత్ర మీద అభ్యంతరం ఉంటే నాటకం మొత్తాన్ని ఎందుకు ఆపాలన్న ప్రశ్న అక్కడ వచ్చింది. వైశ్యుల బాధ ఉత్తదేం కాదు. అయితే కాళ్లకూరి రాసినదానికీ, స్టేజీ మీద తర్వాత అంటుకున్నదానికీ తేడా చూడకుండా రెండింటినీ ఒకే జీవోతో ఆపేశారు. శెట్టితో పాటు బిల్వమంగళుడూ స్టేజీ దిగాల్సి వచ్చింది.