ఓవర్‌హౌసర్ ఊహ ప్రోటీన్‌ను చేరడానికి 40 ఏళ్లు

కణత్వచంలో ఇమిడి ఉండే ప్రోటీన్లు నీటిలో కరగవు, స్ఫటికాలుగా మారడానికి మొరాయిస్తాయి, కొవ్వుపొర నుంచి విడదీస్తే తరచూ ఆకృతే చెడిపోతుంది. అలాంటి ఒక ప్రోటీన్ సముదాయాన్ని స్ఫటికంగా మార్చి నిర్మాణం తేల్చినందుకు మైఖేల్, డైజన్‌హోఫర్, హ్యూబర్‌లకు 1988లో నోబెల్ బహుమతి వచ్చిందంటే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. పొరలో ఉండగానే వీటిని పరిశీలించడానికి ఘనస్థితి ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలు ఇచ్చే రేడియో సంకేతాలతో నిర్మాణం తెలుసుకునే పద్ధతి) వీలు కల్పిస్తుంది. నమూనాను అయస్కాంత క్షేత్రానికి 54.7 డిగ్రీల వాలులో వేగంగా తిప్పితే వర్ణపటంలో అలుక్కుపోయిన రేఖలు సన్నబడతాయని 1950ల చివర్లోనే తేలింది. సంకేతం బలహీనంగా ఉండటం మాత్రం దాన్ని వదల్లేదు. గది ఉష్ణోగ్రతలో, 9.4 టెస్లాల క్షేత్రంలో కూడా ప్రోటాన్ల ధ్రువణం, అంటే ఒకే దిశకు మొగ్గిన అదనపు కేంద్రకాల వాటా, లక్షకు సుమారు మూడు మాత్రమే. కార్బన్, నైట్రోజన్‌ల పరిస్థితి ఇంకా కనాకష్టం.

దీనికి విరుగుడు 1953లోనే దొరికింది. లోహంలోని ఎలక్ట్రాన్ స్పిన్‌లను (ఎలక్ట్రాన్లను చిన్న అయస్కాంతాలుగా చేసే గుణం) మైక్రోవేవ్‌లతో ఉత్తేజపరిస్తే వాటి ధ్రువణం కేంద్రకాలకు బదిలీ అవుతుందని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఆల్బర్ట్ ఓవర్‌హౌసర్ ప్రతిపాదించారు. ఇలా ధ్రువణాన్ని బదిలీ చేయడాన్నే డైనమిక్ న్యూక్లియర్ పోలరైజేషన్ (డీఎన్‌పీ) అంటారు. పేరుమోసిన భౌతికశాస్త్రవేత్తలు మొదట నమ్మలేదు. అదే ఏడాది కార్వర్, స్లిక్టర్ లిథియం లోహంలో చేసి చూపించారు. ఎలక్ట్రాన్ అయస్కాంత భ్రామకం ప్రోటాన్ కంటే దాదాపు 660 రెట్లు ఎక్కువ కనుక సిద్ధాంతరీత్యా లాభం అంతవరకూ ఉండవచ్చు.

మరి ప్రోటీన్ల దాకా రావడానికి నాలుగు దశాబ్దాలు ఎందుకు పట్టింది? నా దృష్టిలో కొరత ఆలోచనది కాదు, పరికరానిది. క్షేత్రం 5 టెస్లాలైతే ఎలక్ట్రాన్లకు 140 గిగాహెర్ట్జ్, 9.4 టెస్లాలైతే 263 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లు కావాలి. ఆ స్థాయిలో తగినంత శక్తినిచ్చే మూలం రసాయన ప్రయోగశాలల్లో లేదు. 1960ల్లో సోవియట్ యూనియన్‌లో పుట్టి, కేంద్రక సంలీన పరిశోధనలో ప్లాస్మాను వేడిచేయడానికి ఎదిగిన జైరోట్రాన్ అనే శక్తిమంతమైన మైక్రోవేవ్ మూలాన్ని ఎంఐటీలో గ్రిఫిన్, టెమ్కిన్ బృందాలు 1993 నాటికి ఎన్‌ఎంఆర్‌కు జతచేశాయి.

ప్రోటీన్లలో సాధారణంగా జతలేని ఎలక్ట్రాన్లు ఉండవు కనుక ఇక వాటిని బయటి నుంచి కలపాలి. రెండు నైట్రాక్సైడ్ రాడికల్‌లను (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న భాగాలను) ఒకే అణువులో కూర్చిన టోటాపోల్ 2006లో వచ్చింది. డ్యుటీరియం గ్లిజరాల్ 60, భారజలం 30, మామూలు నీరు 10 పాళ్లలో కలిపిన ద్రావణానికి ప్రయోగశాలల్లో 'డీఎన్‌పీ జ్యూస్' అనే ముద్దుపేరుంది. ప్రోటీన్ పొరలను, కొద్దిగా రాడికల్‌ను అందులో కలిపి చిన్న జిర్కోనియా రోటర్‌లో నింపి, సుమారు 100 కెల్విన్‌కు చల్లబరుస్తారు. గ్లిజరాల్ వల్ల మంచు స్ఫటికాలు ఏర్పడవు, రాడికల్‌లు ఒకచోట పేరుకుపోవు.

ఆ చలిలో రేఖలు వెడల్పవుతాయన్నది న్యాయమైన ఫిర్యాదే. అయితే ఉప్పునీటి సూక్ష్మజీవుల్లో కాంతితో ప్రోటాన్లను తోడే బ్యాక్టీరియోరోడాప్సిన్ విషయంలో చలే కలిసొచ్చింది, ఎందుకంటే దాని క్షణికమైన మధ్యంతర దశలను చలిలో తప్ప నిలిపి ఉంచలేం. 2009లో వెలువడిన గ్రిఫిన్, హెర్జ్‌ఫెల్డ్ బృందాల ఫలితాల్లో సంకేతం సుమారు 90 రెట్లు పెరిగింది. ఆ మధ్యంతర దశల్లో, ఒక్కటే అనుకున్న 'ఎల్' దశలో నాలుగు ఉపస్థితులు బయటపడ్డాయి. వాటిలో మూడు వెనక్కి మళ్లిపోతాయి, ఒక్కటే పని ముందుకు తీసుకెళుతుంది. సంకేతం పది రెట్లు పెరిగితే కొలతకు పట్టే కాలం నూరోవంతుకు తగ్గుతుంది కనుక ఇలాంటి ప్రయోగం అంతకుముందు ఆచరణలో అసాధ్యం.

2016లో యూట్రెక్ట్ బృందం మానవ క్యాన్సర్ కణాల సొంత పొరల్లోనే ఈజీఎఫ్ (కణాల పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్) గ్రాహకాన్ని పరిశీలించి, ఈజీఎఫ్ అతుక్కోగానే కణం వెలుపలి భాగపు కదలికలు తగ్గుతాయని చూపింది. క్షేత్రాన్ని ఇంకా పెంచితే రేఖలు బాగా విడిపడతాయి గానీ, టోటాపోల్ తరహా బైరాడికల్‌లు (జంట రాడికల్ అణువులు) ఇచ్చే పెంపు అంతకంతకూ పడిపోతుంది, 18.8 టెస్లాల దగ్గర కూడా నిలబడే రాడికల్‌ల రూపకల్పన మీదే ఇప్పుడు రసాయనశాస్త్రజ్ఞులు తలమునకలై ఉన్నారు.