పొద్దుగూకినా చల్లారని మిద్దె

కడప నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "సాయంత్రం ఆరున్నరకల్లా ఎండ పోతుంది. తొమ్మిదికి వీధిలో గాలి కూడా కాస్త చల్లబడుతుంది. ఇంట్లో మాత్రం పదకొండైనా కుంపటే. ఫ్యాను వేస్తే పైనుంచి వేడి దిగుతుంది. ఎందుకు?"

జొన్నరొట్టెలు చేసేవాళ్ల వేళ్లకు ఈ జవాబు తెలుసు. పొయ్యి ఆర్పేశాక కూడా పెనం మీద ఇంకో రొట్టె కాలుతుంది. మీ మిద్దె అలాంటి పెనమే, కాకపోతే 28 టన్నుల పెనం. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అయిదు అంగుళాల స్లాబు వేస్తే పదకొండున్నర ఘనమీటర్ల పైచిలుకు కాంక్రీటు. ఘనమీటరు 2,400 కిలోలు తూగుతుంది. ఇంత బరువు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 7 యూనిట్ల వేడి కావాలి. మీటరులో తిరిగే యూనిట్టే ఇది, 3,600 కిలోజౌళ్లు. స్లాబు పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందంటే అందులో 68 యూనిట్లు దాక్కుని ఉన్నట్టు. టన్నున్నర ఏసీ గంటకు 5.3 యూనిట్ల వేడిని బయటికి తోడుతుంది. ఈ పెనాన్ని అదొక్కటే చల్లార్చాలంటే పదమూడు గంటలు ఆగకుండా తిరగాలి.

ఆలస్యం సంగతి చూద్దాం. పైన పడ్డ వేడి అలలాగా లోపలికి దిగుతుంది. కాంక్రీటులో రోజువారీ వేడి అల సుమారు 15 సెంటీమీటర్ల లోతుకు చేరేసరికి దాని బలం మూడో వంతు పైచిలుకే మిగులుతుంది. అయిదు అంగుళాలు దాటేసరికి మూడు గంటలకు పైగా ఆలస్యమవుతుంది, బలం మాత్రం ఇంకా నూటికి నలభై పాళ్లు మిగిలే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మిద్దె పైన కాలు కాల్చే వేడి, నాలుగు దాటాక మీ నెత్తి మీదికి వస్తుందన్నమాట. పొద్దుగూకాక నిల్వ ఉన్న వేడి రెండు దారుల్లో పోతుంది: పైకి ఆకాశంలోకి, కిందికి మీ మంచం మీదికి. ఫ్యాను గాలిని చల్లబరచదు. పైకప్పుకు అంటుకుని ఉన్న వేడిగాలి పొరను గీకి కిందికి తోస్తుంది. పైగా పైకప్పు 40 డిగ్రీల్లో ఉంటే, 34, 35 డిగ్రీల్లో ఉండే మన చర్మం దానికి వేడి ఇవ్వడం మానేసి దాన్నుంచే పుచ్చుకుంటుంది.

ఇది నిద్ర సమస్య మాత్రమే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల ప్రాంతంలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పట్టపగలు అది కరెంటు కుమ్మరిస్తుంది. పొద్దుగూకితే సున్నా. అప్పుడు ఏసీలకు, కూలర్లకు ఊపిరి పోసేది ముఖ్యంగా బొగ్గు, ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం లాంటివి. అంటే మన మిద్దెలు పగటి ఎండను భద్రంగా దాచి, సోలార్ లేని వేళకు వాయిదా వేసి, బొగ్గు చేత చల్లార్పించుకుంటున్నాయి.

పాత మట్టిమిద్దెల్లో ఈ గొడవ ఎందుకు లేదు? అక్కడ అడుగు మందం మట్టి. పగటి అల దాన్ని దాటడానికి దాదాపు పది గంటలు పడుతుంది, దాటేసరికి పదో వంతు కూడా మిగలదు. అదీ రాత్రే దిగుతుంది, కానీ ఎవరికీ తెలియదు. పైన పోసే చౌడు ఇంకా తమాషా. పైరుకు పనికిరాని మట్టి మిద్దెకు ఎలా పనికొచ్చింది? చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకరేణువులు ఒకదాన్నొకటి విడిచి సన్నగా చెదిరి, మట్టిలోని సందులన్నీ పూడ్చేస్తాయి. చేనులో నీళ్లు ఇంకనివ్వని గుణమే మిద్దె మీద వాన దిగనివ్వదు. ఇప్పుడు స్లాబు మీద అడుగు మట్టి పోయమనడం కుదరదు, దాని బరువు లెక్కలో లేకుండా కట్టిన స్లాబులవి. మనకు మిగిలింది రంగు.

బడిలో "తెలుపు వేడిని పీల్చదు" అని చెప్పి ఆపేస్తారు. అది సగం పాఠం. మిగతా సగం వేడిని వదలడం. మిద్దె వేడిని వదిలేది కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) వెలుగులో. ఆ వెలుగులో సున్నమూ కాంక్రీటూ రెండూ నల్లవే, రెండూ బాగా వదులుతాయి. తేడా అంతా ఎండలో. ఉత్త కాంక్రీటు పడ్డ ఎండలో మూడో వంతు కూడా వెనక్కి కొట్టదు. తాజా సున్నం నాలుగింట మూడు వంతుల దాకా కొడుతుంది. చాలామంది రేకులకు, మిద్దెలకు వేయించే సిల్వర్ పెయింట్ మాత్రం పరారుణంలోనూ చాలావరకు అద్దమే. ఎండను కొంత తిప్పికొడుతుంది గానీ పుచ్చుకున్న వేడిని సరిగా వదలదు. ఎండలో పెట్టిన స్టీలు బిందె తళతళా మెరుస్తూనే చెయ్యి కాల్చడానికి కారణం ఇదే. అనంతపురం పొడిగాలిలో రాత్రి ఆకాశం కోస్తా కంటే ఎక్కువ వేడి లాక్కుంటుంది, ఆ వరాన్ని మెరుపు పూతతో పోగొట్టుకోకూడదు.

ఇక పని. వెయ్యి అడుగుల మిద్దెకు మూడు పూతలకు 30 కిలోల దాకా రాతి సున్నం పడుతుంది, గరుకు మిద్దె ఇంకా తాగుతుంది. కిలోకు 5 లీటర్ల నీళ్లు. ముందు డ్రమ్ములో నీళ్లు, అందులో సున్నం కొద్దికొద్దిగా. సున్నం మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్ వాడితే మెత్తబడి కూలుతుంది, ఇనుప డ్రమ్మే వాడాలి. కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే పావుగంట మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి. ఒక రోజు నాననిచ్చి గుడ్డలో వడకట్టి, ప్రతి పది లీటర్లకు 40 గ్రాముల తుమ్మబంక వేడినీళ్లలో కరిగించి కలపాలి. నీలిమందు వద్దు. అది సున్నంలోని పసుపు ఛాయను మింగి కంటికి తెల్లగా చూపిస్తుంది, కానీ వెలుగు మింగడమంటే వేడెక్కడమే.

సంచిలో వచ్చే పొడి సున్నమైతే ఒక పరీక్ష: చిటికెడు తీసి నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే అది గాలి తగిలి ముందే సుద్దగా మారిపోయింది, మిద్దెకు అంటదు.

పూత రాలిపోయిందని ఫిర్యాదు చేసేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు మధ్యాహ్నం వేయడం. సున్నం ఆరడం వేరు, గట్టిపడడం వేరు. గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి మళ్లీ రాయి కావాలి, దానికి తడి ఉండాలి. 42 డిగ్రీల వడగాలిలో గంటలో ఆరిపోయిన పూత పొడిగానే మిగిలి, చేతికి అంటుతుంది. మిద్దె కడిగి, తడిపి, సాయంత్రం అయిదు తర్వాత పల్చగా వేయాలి. మర్నాడు పొద్దున నీళ్లు చిలకరించాలి. మరుసటి పూత మరుసటి సాయంత్రం, ముందు పూతకు అడ్డంగా. తారు పరిచిన మిద్దె మీద సున్నం నిలవదు. సిమెంటు రేకుల మీద నిలుస్తుంది గానీ వాటిని వైరు బ్రష్‌తో పొడిగా గీకొద్దు, ఆస్‌బెస్టాస్ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రేకుల మీద కాలూ పెట్టొద్దు, పొడుగు కర్రకు కట్టిన రోలరు చాలు.

ఉగాదికి గోడలకు సున్నం వేసి మిద్దెను వదిలేయడం మన అలవాటు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, ఆ రోలు కంటే పెద్ద రాయి నెత్తిన ఉందని మర్చిపోతాం.

వీధంతా కలిసి వేస్తే తేలికయ్యేది మొదట నీళ్లు. పది ఇళ్లకు కలపడానికే 1,500 లీటర్లు, కడగడానికీ తడపడానికీ ఇంకా. ఒక 5,000 లీటర్ల ట్యాంకరు పంచుకోవచ్చు. రెండు డ్రమ్ములు, వడపోతకు ఇద్దరు, బ్రష్షులు పట్టే ఇద్దరేసి మూడు జట్లు ఉంటే మొత్తం వారం పని. రెండో లాభం కొలత. ముందు అయిదు ఇళ్లకు వేసి, మిగతా అయిదింటికి పది రోజులు ఆగండి. రోజూ రాత్రి తొమ్మిదికి పైకప్పుకు టేపుతో అంటించిన థర్మామీటరు, పొద్దున ఆరింటికి మీటరు రీడింగు రాసుకోండి. పోయిన నెల బిల్లుతో పోల్చి లాభం లేదు, వాతావరణం మారిపోయి ఉంటుంది. అదే రాత్రి పక్కింటితో పోల్చండి.

ఎంత మిగులుతుంది? స్లాబు అదనపు వేడి పది డిగ్రీల నుంచి నాలుగుకు తగ్గిందనుకుందాం. 41 యూనిట్లు తగ్గాయి, అందులో మూడో వంతే ఇంట్లోకి దిగేదైతే 14. ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడి తోడే ఏసీకి రాత్రికి 4 యూనిట్లు ఆదా. గ్రిడ్ సగటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 2.8 కిలోలు. 90 రాత్రులకు 250 కిలోలు. సున్నం కాల్చేటప్పుడు రాయి వదిలేది కిలోకు దాదాపు 0.8 కిలోలు, గట్టిపడేటప్పుడు చాలావరకు తిరిగి పుచ్చుకుంటుంది, బట్టీలో తగలబెట్టిన బొగ్గు మాత్రం అప్పుగా మిగులుతుంది.

ఫ్యాను మాత్రమే ఉన్న ఇంట్లో బిల్లు పెద్దగా తగ్గదు, ఫ్యాను ఎలాగూ తిరుగుతుంది. అక్కడ మిగిలేది నిద్ర, కొనకుండా ఆగిపోయే ఏసీ. బిల్లు తగ్గాలంటే 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే కొత్తరకం మోటారు) ఫ్యాన్లు పెట్టాలి. రోజుకు 15 గంటలు తిరిగే మూడు ఫ్యాన్లకు నెలకు 60 యూనిట్లు తగ్గుతాయి. గోడకున్న పాత రెగ్యులేటరు తీసేయించండి, దానితో కలిపితే మొరాయిస్తాయి.

సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లే అలవాటుకూ లెక్క ఉంది. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడి తీసుకుపోతుంది, వంద లీటర్లు పూర్తిగా ఆవిరైతే మన 68 యూనిట్లూ తీరినట్టే. తూము గుండా జారిపోయిన నీటికి ఆ పుణ్యం లేదు. అనంతపురంలో వంద ఇళ్లు రోజూ ఇలా చల్లితే రెండు ట్యాంకర్లు.

ఒక మూల పది అడుగులు సున్నం వేయకుండా వదలండి. మిరపకాయలు, వడియాలు అక్కడే ఆరబెట్టుకోవాలి. తెల్ల మిద్దె మీద సున్నపు పొడి అంటుకుంటుంది, ఆరడానికి కూడా ఎక్కువ రోజులు పడుతుంది.