ఏబీఎస్ ఫ్యూజ్ పీకే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది

ట్రాక్ డేలకి, అంటే సొంత బండిని రేసు ట్రాక్ మీద నడుపుకోనిచ్చే రోజులకి, వెళ్లేవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కనున్న ఫ్యూజ్ బాక్స్ మూత ఊడదీసి, మూత వెనక అంటించిన బొమ్మని ఫోన్ టార్చ్ వెలుగులో చదువుకుంటూ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు చక్రం తిరగడం ఆగిపోయి లాక్ కాకుండా చూసే వ్యవస్థ) ఫ్యూజ్ ఏదో వెతికి, దాన్ని పీకి చొక్కా జేబులో వేసుకుంటారు. నేను దగ్గరుండి చూసిన కుర్రాడు కూడా అదే చేశాడు. "ఏబీఎస్ ఉంటే బ్రేక్ మన చేతిలో ఉండదు అన్నా" అన్నాడు. ఇంజన్ స్టార్ట్ చేశాక డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటుతో పాటు ఎర్ర లైటు కూడా వెలుగుతూనే ఉంది. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దిగలేదేమో అనుకుని లివర్‌ని ఇంకోసారి కిందికి నొక్కి బయల్దేరాడు.

రెండో ల్యాప్‌లో, స్ట్రెయిట్ చివర గట్టిగా బ్రేక్ కొట్టగానే బండి వెనక భాగం పక్కకి జారింది. ఒకటిన్నర చుట్టు తిరిగి గడ్డిలో ఆగింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. తర్వాత టైర్లు చూద్దామని కింద కూర్చున్నాను. ముందు టైర్లు బాగానే ఉన్నాయి. వెనక ఎడమ టైరు మీద మాత్రం అరచేయంత మేర నున్నగా అరిగిపోయి, మధ్యలో దారాలు బయటికి కనిపిస్తున్నాయి. బండిని మెల్లగా తోస్తే ఆ చోటు నేలకి తగిలినప్పుడల్లా టప్, టప్ అని కొడుతోంది.

వెనక టైరే ఎందుకు అరిగిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

చక్రం లాక్ కాకుండా ఆపాలన్న ఆలోచన విమానాల దగ్గర మొదలైంది. కారు నడిపేవాడికి టైరు జారితే స్టీరింగ్‌లోనో సీట్లోనో తెలుస్తుంది. పైలట్‌కి తెలియదు, చక్రాలు అతనికి చాలా దూరంలో, కింద ఎక్కడో ఉంటాయి. అక్కడ చక్రం బిగుసుకుపోతే టైరు పేలేదాకా కబురే ఉండదు. 1920లలోనే ఫ్రాన్స్‌లో గాబ్రియేల్ వోయిజాన్ ఒక ఫ్లైవీల్, ఒక వాల్వ్‌తో దీనికి ఉపాయం చూశాడు. 1950లలో బ్రిటన్‌కి చెందిన డన్‌లప్ సంస్థ మాక్సరెట్ అనే యంత్రాన్ని తెచ్చింది. చక్రం ఉన్నట్టుండి నెమ్మదిస్తే ఇది బ్రేక్ ప్రెషర్‌ని కాసేపు వదిలి మళ్లీ పడుతుంది. కంప్యూటర్ లేదు, అంతా మెకానికల్. తడి రన్‌వేల మీద దిగే విమానాలకి అది పెద్ద అండ అయింది.

అదే మాక్సరెట్ కార్లలోకి రేసింగ్ దారినే రావడం నాకు చాలా ఇష్టమైన సంగతి. 1961లో ఫెర్గూసన్ పి99 అనే ఫోర్ వీల్ డ్రైవ్ రేసు కారులో దాన్ని ప్రయత్నించారు. అదే కారులో స్టిర్లింగ్ మాస్ ఆ ఏడాది ఓల్టన్ పార్క్ గోల్డ్ కప్ గెలిచాడు. 1966లో వచ్చిన జెన్సన్ ఎఫ్‌ఎఫ్ దాన్ని రోడ్డు కారులోకి తెచ్చింది. నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే యూనిట్. మొత్తం 320 కార్లే తయారయ్యాయి. 1971లో అమెరికాలో క్రైస్లర్ ఇంపీరియల్‌కి బెండిక్స్ ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఇచ్చింది. మనం ఇవాళ ఏబీఎస్ అంటున్నది మాత్రం 1978లో బాష్ కంపెనీ నుంచి మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లోకి, ఆ వెంటనే బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లోకి వచ్చింది. ఆ మొదటి యూనిట్ బరువు 6 కిలోలకి పైనే.

మరి దాన్ని ఆపేయాలన్న కోరిక ఎందుకు పుట్టింది? మొండితనం వల్ల పుట్టలేదు, అప్పట్లో దానికి గట్టి కారణమే ఉంది. తారు రోడ్డు మీద టైరుకి పట్టు ఎక్కువగా ఉండేది అది పూర్తిగా ఆగిపోయినప్పుడు కాదు, దొర్లుతూనే 10 నుంచి 20 శాతం జారుతున్నప్పుడు. మంచి డ్రైవర్ కాలితో సరిగ్గా ఆ అంచు మీద బ్రేక్‌ని నిలబెట్టగలడు. దాన్నే త్రెషోల్డ్ బ్రేకింగ్ అంటారు. తొలి తరం ఏబీఎస్‌లు పట్టి వదిలే వేగం తక్కువ, అవి ప్రెషర్ వదిలిన ప్రతిసారీ కొన్ని అడుగులు పోయేవి, పైగా పెడల్ కాలి కింద తన్నేది. ఆరితేరిన డ్రైవర్ పొడి ట్రాక్ మీద ఆ యంత్రం కంటే తక్కువ దూరంలో బండి ఆపిన రోజులు నిజంగానే ఉన్నాయి.

మట్టి, కంకర రోడ్డు కథ వేరు, అక్కడ ఏబీఎస్ మీద ఫిర్యాదు ఇవాళ్టికీ నిజమే. వదులు కంకర మీద చక్రం లాక్ అయితే టైరు ముందు రాళ్లు కుప్పగా చేరి, ఆ కుప్పే బండికి అడ్డుకట్ట అవుతుంది. ఏబీఎస్ చక్రాన్ని తిప్పుతూనే ఉంటుంది కాబట్టి ఆ కుప్ప చేరదు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 1999లో చేసిన పరీక్షల్లో వదులు కంకర మీద ఏబీఎస్ వల్ల ఆగే దూరం సగటున 27 శాతం పెరిగింది. ర్యాలీ డ్రైవర్లు దాన్ని ఎందుకు దగ్గరికి రానివ్వరో దీన్నిబట్టే అర్థమవుతుంది. మలుపులో బండి తోకని కావాలని తిప్పడానికి కూడా వాళ్లకి చక్రం లాక్ కావాలి. ర్యాలీల్లో పేరు తెచ్చుకున్న ఆడి క్వాట్రో రోడ్డు మోడల్‌కి 1984లో ఏబీఎస్ ఇచ్చినప్పుడు, దాన్ని ఆపేసే స్విచ్‌ని కంపెనీయే డాష్‌బోర్డు మీద పెట్టింది. డిఫరెన్షియల్ లాక్ చేసినా, అంటే చక్రాలు ఒకే వేగంతో తిరిగేలా కట్టేసినా, ఏబీఎస్ ఆగిపోయేది. అంటే ఏబీఎస్ ఆపడం మొదట్లో కంపెనీ ఒప్పుకుని, ఆలోచించి ఇచ్చిన సదుపాయం. కంకర కోసం, మంచు కోసం.

ఆ తర్వాత ఇది పౌరుషం విషయంగా మారింది. నా ఉద్దేశంలో అలవాటు దారి తప్పింది ఇక్కడే. ఫెరారీ ఎఫ్40లో ఏబీఎస్ లేదు. మెక్‌లారెన్ ఎఫ్1 కారులో లేదు. డాడ్జ్ వైపర్‌కి 2001 దాకా లేదు. కుర్రాళ్లు గోడల మీద పోస్టర్లు అంటించుకున్న కార్లు ఇవే, కాబట్టి ఏబీఎస్ లేకపోవడమే అసలైన డ్రైవింగ్ అన్న భావన బలపడింది. ఫార్ములా వన్ దానికి ఇంకో ముద్ర వేసింది. 1993లో అలెన్ ప్రోస్ట్‌కి టైటిల్ తెచ్చిపెట్టిన విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ15సీ కారులో యాక్టివ్ సస్పెన్షన్ (బండి ఎత్తుని కంప్యూటరే సర్దేది), ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం గిర్రున తిరిగి జారకుండా ఆపేది)తో పాటు ఏబీఎస్ కూడా ఉండేది. 1994 నుంచి వాటన్నిటినీ నిషేధించారు. చాలామంది దీన్ని "ఎఫ్1 వాళ్లకే ఏబీఎస్ అక్కర్లేదు, మనకెందుకు" అని అర్థం చేసుకున్నారు. పనికిరాని దాన్ని ఎవరూ నిషేధించరు కదా. అది డ్రైవర్ పనిని మరీ తేలిక చేస్తోందనే తీసేశారు.

ట్రాక్ మీద ఫ్యూజ్ పీకేవాళ్లు చెప్పే ఇంకో కారణం ఐస్ మోడ్. ఇది ఉత్త మాట కాదు. ఎగుడుదిగుడుగా ఉన్న చోట గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు ఒక చక్రం క్షణంపాటు గాల్లోకి లేచి ఠక్కున ఆగుతుంది. ఏబీఎస్ కంప్యూటర్ అది చూసి బండి మంచు మీద ఉందనుకుంటుంది, ప్రెషర్ తగ్గించేస్తుంది. పెడల్ రాయిలా గట్టిపడుతుంది, బండి మాత్రం ఆగదు. రోడ్డు టైర్ల లెక్కతో తయారైన కంప్యూటర్‌కి బాగా పట్టున్న ట్రాక్ టైర్లు, సైజు మార్చిన టైర్లు తగిలిస్తే ఈ పొరపాటు పడే అవకాశం ఇంకా పెరుగుతుంది. మలుపు మీదికి వస్తుండగా బ్రేక్ పనిచేయకపోతే గుండె ఎలా ఆగిపోతుందో ఒక్కసారి అనుభవించినవాళ్లు ఏబీఎస్‌ని మళ్లీ నమ్మకపోవడంలో తప్పేం లేదు. కాలు ఒక్క క్షణం పూర్తిగా తీసి మళ్లీ తొక్కితే చాలాసార్లు సర్దుకుంటుంది, కానీ ఆ టెన్షన్‌లో కాలు తీయడం ఎవరికి తోస్తుంది చెప్పండి.

ఈలోగా ఏబీఎస్ తన దారిన తాను మారిపోయింది. సెకనుకి పదిసార్లకి పైగా పట్టి వదలడం నేర్చుకుంది, నాలుగు చక్రాలనీ విడివిడిగా చూసుకోవడం నేర్చుకుంది. మనిషి ఎంత గొప్ప డ్రైవరైనా అతని కాలి కింద ఉన్నది ఒకే పెడల్. ఎడమ చక్రాలు తడి మీద, కుడి చక్రాలు పొడి మీద ఉన్నప్పుడు ఒక్క పెడల్‌తో రెండిటికీ న్యాయం చేయలేడు. రోడ్డు కార్ల నుంచి తయారైన రేసు కార్లు పోటీపడే జీటీ3 రేసుల్లో ఏబీఎస్‌కి అనుమతి ఉంది. బాష్ తయారుచేసే రేసింగ్ ఏబీఎస్‌కి 12 స్థానాల నాబ్ ఉంటుంది, టైరు అరుగుదలని బట్టి, వానని బట్టి డ్రైవర్ దాన్ని తిప్పుకుంటాడు. పోర్షె 911 జీటీ3 లాంటి ట్రాక్ కోసమే పుట్టిన రోడ్డు కారులో స్టెబిలిటీ కంట్రోల్ (బండి పక్కకి జారకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్ ఆపడానికి బటన్లున్నాయి, ఏబీఎస్ ఆపడానికి మాత్రం లేదు. ట్రాక్ సంగతి వాళ్ల కంటే మనకి ఎక్కువ తెలుసని నేననుకోను.

మన దగ్గర సంగతి కొంచెం వేరు. మనలో చాలామంది ఏబీఎస్ లేని కార్ల మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాం. "బ్రేక్ ఒక్కసారిగా తొక్కకు, కొట్టి కొట్టి వదులు" అని నాన్నో మామయ్యో పక్క సీట్లో కూర్చుని చెప్పిన మాట కాలికి అలవాటైపోయింది. 2018 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లకి, 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. కానీ గట్టిగా తొక్కి పట్టుకోవాలి, కాలు తీయకూడదు అని నేర్పేవాళ్లు తక్కువ. అందుకే మొదటిసారి పెడల్ కాలి కింద గరగరమని వణికితే ఏదో విరిగిందని భయపడి కాలు తీసేస్తారు, తర్వాత బ్రేక్ ఫెయిలైందని చెప్తారు. ఏబీఎస్ మీద మన దగ్గరున్న అపనమ్మకంలో సగం ఇదేనని నా అనుభవం. రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన ఏబీఎస్‌ని తీసేసి నడపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52తో పేచీ పెట్టుకోవడమే, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా ఇబ్బందే. మట్టి దారుల కోసం చేసిన కొన్ని బైకుల్లో వెనక చక్రానికి ఏబీఎస్ ఆపే సదుపాయం కంపెనీయే ఇస్తోంది, ముందు చక్రానిది అలాగే ఉంచి. క్వాట్రో స్విచ్ వెనక ఉన్న ఆలోచనే ఇది కూడా.

ఇక ఆ వెనక టైరు. బ్రేక్ కొట్టగానే బండి బరువంతా ముందుకి వాలుతుంది, వెనక తేలికవుతుంది. అప్పుడు వెనక చక్రాలకి కూడా ముందు వాటంత ప్రెషర్ వెళ్తే అవే ముందు లాక్ అవుతాయి, వెనక లాకైన బండి బొంగరంలా తిరుగుతుంది. పాత కార్లలో ఇలా జరగకుండా వెనకకి వెళ్లే బ్రేక్ లైన్లో ప్రపోర్షనింగ్ వాల్వ్ అని ఒకటుండేది, వెనక ప్రెషర్ ఒక హద్దు దాటకుండా చూసేది. 1980ల కారులో ఏబీఎస్ ఫ్యూజ్ పీకినా ఆ వాల్వ్ తన పని తాను చేసేది, అంటే మామూలు బ్రేకులున్న కారు మిగిలేది. ఈ అలవాటు పుట్టింది ఆ కార్ల మీద. 1990ల మధ్య నుంచి ఆ వాల్వ్‌ని తీసేసి, అదే పనిని ఏబీఎస్ వాల్వులతోనే సాఫ్ట్‌వేర్ చేత చేయించడం మొదలుపెట్టారు. బ్రోచర్లలో ఏబీఎస్ పక్కన ఈబీడీ (ఎలక్ట్రానిక్ బ్రేక్‌ఫోర్స్ డిస్ట్రిబ్యూషన్) అని రాసేది దాన్నే. ఏదో ఒక సెన్సర్ పాడైతే కంప్యూటర్ ఏబీఎస్‌ని ఆపేసి, కుదిరినంతవరకు ఈబీడీని నిలబెట్టడానికి చూస్తుంది, అప్పుడు పసుపు లైటు ఒక్కటే వెలుగుతుంది. ఫ్యూజ్ పీకితే కంప్యూటర్‌కి కరెంటే ఉండదు, రెండూ పోతాయి. అది చెప్పడానికి విడిగా ఇంకో లైటు పెట్టకుండా చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్‌కి వాడే ఎర్ర లైటునే వెలిగిస్తారు. ఆ కుర్రాడు లివర్ ఎంత కిందికి నొక్కినా ఆరనిది ఆ లైటే.