గడప దగ్గర మొదటి నిమిషం

2025 ఫిబ్రవరిలో తెలంగాణ ఇంటింటి కుటుంబ సర్వే లెక్కలు వెలువడినప్పుడు చర్చంతా కులాల శాతాల చుట్టూనే తిరిగింది. 3.1 శాతం కుటుంబాల వివరాలు అసలు నమోదే కాలేదన్న సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు. తాళం వేసి ఉన్న ఇళ్లకంటే చెప్పడానికి వెనకాడిన ఇళ్లే వాటిలో ఎక్కువ. ప్రభుత్వం ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మరో అవకాశం ఇచ్చింది. తప్పంతా జనం మీదకు నెట్టేయడం మాత్రం న్యాయం కాదు. తలుపు తట్టిన మనిషి పాత్ర ఎంతన్నది పాత ప్రశ్నే.

1951లో బ్రిటన్ గణాంకవేత్తలు డర్బిన్, స్టువర్ట్ దీన్ని పరీక్షించి చూపారు. అనుభవమున్న సర్వే సిబ్బందిని, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ విద్యార్థులను ఒకే పనికి పంపితే, కాదనిపించుకుని తిరిగొచ్చినవారిలో విద్యార్థులే ఎక్కువ. మన దగ్గర గణాంకవేత్త మహలనోబిస్ ఒకే ప్రాంతానికి వేర్వేరు బృందాలను పంపి, ఫలితాల తేడాను పోల్చే పద్ధతి తెచ్చారు.

కొత్తవారికీ అనుభవమున్నవారికీ మధ్య తేడా ఎలా పుడుతుందో 1990లలో అమెరికా పరిశోధకులు గ్రోవ్స్, కూపర్ గడప దగ్గరి సంభాషణలనే పరిశీలించి వివరించారు. ఇంటావిడ "ఇప్పుడు తీరిక లేదు" అంటుంది. కొత్తవారు "అయిదు నిమిషాలేనండీ" అని పట్టుబడతారు, తలుపు మూసుకుంటుంది. చేయి తిరిగినవారు "వంట వేళకు వచ్చినట్టున్నాను, సాయంత్రం రమ్మంటారా?" అంటారు. వెంటనే ఒప్పించాలని చూడరు. మాట తెగిపోకుండా చూసుకుంటారు, ఎదుటివారి అనుమానం ఏమిటో విని దానికే జవాబు చెబుతారు. ఇది నేర్పదగిన విద్యే. అభ్యంతరాలకు తగిన జవాబులు సాధన చేయించాక సహకారం పెరిగిందని 2001లో వెలువడిన గ్రోవ్స్, మెక్‌గోనాగిల్ పరిశోధన చూపింది.

మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీలను ప్రశ్నించేది స్త్రీలే. 2019-21 విడతలో దాదాపు 98 శాతం ఇళ్లు సహకరించాయి.

2024 నవంబరులో తెలంగాణ గడపలెక్కినవారిలో చాలామంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు. ఉదయం పాఠం చెప్పి, మధ్యాహ్నం 75 ప్రశ్నల ఫారంతో బయలుదేరారు. సొంత ఊళ్లో పంతులుగారికి ఎవరైనా కుర్చీ వేస్తారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఆయన ఎవరో వాచ్‌మన్‌కే తెలియదు. ఆదాయం, ఆస్తుల దాకా అడిగే ప్రశ్నలకు అక్కడ ఆయన చేతిలో ఉన్నది గుర్తింపు కార్డు, తన మాట తీరు మాత్రమే.

2027 ఫిబ్రవరిలో జనగణన ఉంది. గణకుల శిక్షణలో ఫారం నింపే పాఠం ఎలాగూ ఉంటుంది. ఒక పూట గడప దగ్గరి మాటలకు కూడా కేటాయించాలి.