67 దాటినా పిలుపు ఎందుకు రాదు? కెనడా పీఆర్ మార్కుల వెనుక చరిత్ర

కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) కోసం మార్కులు కట్టుకునేవాళ్లకు రెండు లెక్కలు ఎదురవుతాయి. ఒకటి నూటికి 67 తెచ్చుకోమంటుంది. రెండోది 1,200కి వేసే సీఆర్‌ఎస్, అంటే అభ్యర్థులను వరుసలో పెట్టే ర్యాంకింగ్ మార్కులు. అందులో ఎంత వస్తే చాలో ముందుగా ఎవరూ చెప్పరు. 67 దాటగానే సగం పని అయిపోయిందని అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. నిజానికి అది గేటు మాత్రమే. ఒకప్పుడు మాత్రం ఆ గేటు దాటితే పీఆర్‌కు దారి తెరుచుకున్నట్టే. అది ఎందుకు మారిందో తెలిస్తే ఇప్పటి పద్ధతి సులువుగా అర్థమవుతుంది.

మార్కులకు ముందు కెనడా చూసింది పుట్టిన దేశాన్నే. స్వదేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా వచ్చినవాళ్లనే దిగనిస్తామని 1908లో నిబంధన పెట్టారు. భారత్ నుంచి నేరుగా వెళ్లే ఓడ లేదు కాబట్టి మనవాళ్లను ఆపడానికి ఆ ఒక్క నిబంధన సరిపోయింది. 1914లో 376 మందితో వాంకూవర్ చేరిన కొమగాట మారు ఓడ రెండు నెలలు రేవులోనే నిలిచి, అత్యధికులతో వెనక్కి మళ్లింది. 1951లో కుదిరిన ఒప్పందం భారతీయులకిచ్చిన కోటా ఏడాదికి 150. మంత్రి ఎలెన్ ఫెయిర్‌క్లో 1962లో తెచ్చిన నిబంధనలతో నైపుణ్యం ఉన్నవాళ్ల విషయంలో జాతి వివక్ష చాలావరకు తొలగింది. కానీ ఎంపిక ఇంకా అధికారి అభిప్రాయం మీదే నడిచేది. దాన్ని కాగితం మీది లెక్కగా మార్చింది 1967 అక్టోబరు 1న మొదలైన పాయింట్ల పద్ధతి. నూటికి 50 వస్తే పాస్. చదువుకు 20, వృత్తికి ఉన్న గిరాకీకి 15, వయసుకు 10, భాషకు 10 ఇచ్చేవారు. అధికారి ఇంటర్వ్యూ చేసి వేసే మార్కులు మరో 15 ఉండేవి.

2002 జూన్ 28న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఏ వృత్తికి గిరాకీ ఉందో చూసి మనిషిని పిలిస్తే, అతను దిగేసరికి ఆ గిరాకీ పోతోందన్న విమర్శ అప్పటికే బలంగా ఉంది. అందుకే వృత్తిని పక్కనపెట్టి చదువు, భాష, అనుభవం, వయసు చూడటం మొదలుపెట్టారు. పాస్ మార్కు మొదట 75. 2003 సెప్టెంబరులో దాన్ని 67కు దించారు. ఇప్పుడు మనం చూస్తున్న 67 అదే.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. 67 వచ్చిన ప్రతి దరఖాస్తునూ పరిశీలించి తేల్చాలని చట్టం చెప్పేది. ఏటా ఎంతమందిని తీసుకోవాలన్న దానికి మాత్రం పరిమితి ఉండేది. వచ్చే దరఖాస్తులకు అడ్డు లేదు, ఇచ్చే వీసాలకు హద్దుంది. క్యూ ఏళ్లకు ఏళ్లు సాగింది. 2008 ఫిబ్రవరి 27 తర్వాత వచ్చిన దరఖాస్తుల్లో ఏవి తీసుకోవాలో నిర్ణయించే అధికారం మంత్రికి దక్కింది. అప్పుడు 38 వృత్తుల జాబితా వచ్చింది. 2010లో అది 29కి తగ్గి, ఏడాదికి 20,000 దరఖాస్తులన్న పరిమితి కూడా చేరింది. 2011లో ఆ పరిమితి 10,000 అయింది. 2012 జులైలో కొత్త దరఖాస్తులు తీసుకోవడమే దాదాపుగా ఆపేశారు.

అదే 2012 జూన్‌లో బడ్జెట్ చట్టంతో, 2008 ఫిబ్రవరి 27కు ముందు దరఖాస్తు చేసి, 2012 మార్చి 29 నాటికి ఎంపిక నిర్ణయం రానివాళ్ల ఫైళ్లను రద్దు చేశారు. కుటుంబాలతో కలిపి సుమారు 2,80,000 మంది. ఫీజు వాపసు ఇచ్చారు, పోయిన ఏళ్లను ఎవరూ ఇవ్వలేకపోయారు. కోర్టుకు వెళ్లినవాళ్లు అక్కడా ఓడిపోయారు. నియమాలన్నీ పాటించి, వరుసలో తమ వంతు కోసం ఆగినవాళ్లకు జరిగిన ఈ అన్యాయాన్ని మరచిపోకూడదు.

అలాంటి క్యూ మళ్లీ పుట్టకుండా 2015 జనవరి 1న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ తెచ్చారు. ఇందులో మనం ముందుగా పెట్టేది దరఖాస్తు కాదు, ప్రొఫైల్. 67 వస్తే అది పూల్‌లో, అంటే పిలుపు కోసం చూసేవాళ్ల జాబితాలో, చేరి 12 నెలలు ఉంటుంది. అక్కడ సీఆర్‌ఎస్ వరుసలో పైనున్నవాళ్లకు దరఖాస్తు పెట్టమని పిలుపు వస్తుంది, మిగతావాళ్ల గడువు ముగుస్తుంది. పిలవాల్సిన బాధ్యత ప్రభుత్వానికి లేదు. కటాఫ్ మీ మార్కుల మీద కాదు, పూల్‌లో మీ పైన ఎంతమంది ఉన్నారు, ఆ రోజు ఎందరిని పిలుస్తున్నారు అన్నదాని మీద నిలబడుతుంది. 2015 జనవరి 31 నాటి మొదటి డ్రాలో (పిలుపులు పంపే విడతలో) కటాఫ్ 886. కోవిడ్‌తో రాకపోకలు ఆగిన 2021 ఫిబ్రవరి 13న, కెనడాలోనే పనిచేస్తున్నవాళ్లకు తీసిన డ్రాలో అది 75కు పడి, 27,332 మందికి పిలుపులు వెళ్లాయి. ఆ 75ను చూపించి ఆశ పెట్టేవాళ్ల మాట నమ్మకండి.

ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చిన విలువ కూడా ఇలాగే మారుతూ వచ్చింది. మొదట 600 మార్కులు ఉండేవి. 2016 నవంబరులో ఎక్కువమందికి 50కి, పెద్ద మేనేజర్ స్థాయికి 200కి తగ్గించారు. ఆఫర్లు అమ్ముకునే వ్యాపారం పెరగడంతో 2025 మార్చి 25న మొత్తంగా తీసేశారు. ఆఫర్ కొనిస్తే మార్కులు పెరుగుతాయని ఎవరైనా అంటే, ఆ మార్కులే ఇప్పుడు లేవు. 600 వచ్చేది కెనడాలోని ఏదైనా రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తేనే.

మన చేతిలో ఉన్నది భాష. పెళ్లికాని 29 ఏళ్ల వ్యక్తికి మాస్టర్స్, భారత్‌లో మూడేళ్లకు పైగా అనుభవం ఉన్నాయనుకోండి. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్‌లో లిజనింగ్ 8, మిగతా మూడూ 7 వస్తే అన్నింటా సీఎల్‌బీ (కెనడా భాషా స్థాయి) 9 అవుతుంది. వయసుకు 110, చదువుకు 135, భాషకు 124, చదువు, అనుభవాలను భాషతో కలిపినందుకు 100: మొత్తం 469. అదే మనిషికి లిజనింగ్ ఒక్కటి 7.5 అయితే? భాషలో 8 పోతాయి. చదువు, అనుభవాలను భాషతో కలిపి ఇచ్చే మార్కులు నాలుగింటా సీఎల్‌బీ 9 ఉంటేనే పూర్తిగా వస్తాయి కాబట్టి అక్కడ చెరో 25 పోతాయి. అర బ్యాండుకు 58 మార్కులు! రెండోసారి రాయడానికి అయ్యే ఖర్చు దీని ముందు చిన్నది. ఇక 30వ పుట్టినరోజు నుంచి ఏటా అయిదారు మార్కులు వయసు వల్లే తగ్గుతాయి. 33 ఏళ్లకు 110 కాస్తా 88 అవుతుంది.

2023 వేసవి నుంచి వృత్తి మళ్లీ ముందుకొచ్చింది. ఆరోగ్యం, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం), ఫ్రెంచ్ వంటి కేటగిరీలకు విడిగా డ్రాలు తీస్తున్నారు. హైదరాబాద్, బెంగళూరు ఐటీ ఉద్యోగులు, అమెరికాలో గ్రీన్ కార్డు వరుసలో ఉన్న మనవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. 2025 ఫిబ్రవరిలో స్టెమ్ జాబితాను కుదించినప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, డేటా సైంటిస్టులు అందులోంచి పోయారు, సైబర్ సెక్యూరిటీ మిగిలింది. ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు 2025 మార్చి 21న 379కే పిలుపు అందింది. అయితే అందుకు నాలుగు నైపుణ్యాల్లోనూ 7వ స్థాయి ఫ్రెంచ్ కావాలి. అది నెలా రెండు నెలల్లో వచ్చేది కాదు.

పిలుపు వచ్చాక గడువు 60 రోజులే. ఎక్కువ ఫైళ్లు దెబ్బతినేది అనుభవ పత్రం దగ్గర. కంపెనీ ఇచ్చే మామూలు రిలీవింగ్ లెటర్ చాలదు. హోదా, చేసిన పనులు, వారానికి గంటలు, జీతం, తేదీలు అందులో ఉండాలి. ఆ పనులు మీరు ఎంచుకున్న ఎన్‌ఓసీ (కెనడా వృత్తుల వర్గీకరణ) కోడ్ వివరణకు సరిపోవాలి. అలాగని ఆ వివరణను మక్కికి మక్కి ఎక్కించినా అధికారికి అనుమానమే. చేయని ఉద్యోగానికి పత్రం పుట్టిస్తే అయిదేళ్ల నిషేధం పడుతుంది. డబ్బు చూపించడంలోనూ తప్పులు జరుగుతాయి. 2025 జులై లెక్క ప్రకారం ఒక్కరికి 15,263, నలుగురి కుటుంబానికి 28,362 కెనడా డాలర్లు ఉండాలి. బ్యాంకు లేఖలో గత ఆరు నెలల సగటు నిల్వ కనిపించాలి. ఊళ్లో పొలం, ఫ్లాటు లెక్కకు రావు. అప్పు తెచ్చి ఖాతాలో వేసిన సొమ్మూ చెల్లదు.

పేర్ల సంగతీ చూసుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో పొడి అక్షరంగా ఉండటం మనవాళ్లలో మామూలే. ఈసీఏకు (మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో తేల్చే పరిశీలనకు) విశ్వవిద్యాలయం నేరుగా పంపే ట్రాన్‌స్క్రిప్టులకు వారాలు పడుతుంది కాబట్టి ఆ తేడాను ముందే సరిచేసుకుంటే మేలు.

పిలుపు అందిన రోజే సీఆర్‌ఎస్‌ను కాగితాలతో సరిచూసి మళ్లీ లెక్క వేసుకోండి. చూపించలేని అనుభవం ఏదైనా లెక్కలో చేరి, అది తీసేస్తే ఆ డ్రా కటాఫ్‌కు కింద పడుతున్నారనుకోండి, ఆ పిలుపును తిరస్కరించి, ప్రొఫైల్ సరిచేసుకుని పూల్‌లోకి వెళ్లవచ్చు. సరిచేసుకోకుండా అలాగే దరఖాస్తు పెడితే ఫైలు తిరస్కరిస్తారు. 2024 ఏప్రిల్ 30 నాటి రేట్ల ప్రకారం 1,525 డాలర్లలో 575 పీఆర్ హక్కు రుసుము వెనక్కి వస్తుంది, పరిశీలన ఫీజు 950 రాదు.